కళ్లు పచ్చబడకముందే

కేరళలోని ఎర్ణాకుళం జిల్లాలో వేంగూర్ అనే గ్రామ పంచాయతీ ఉంది. 2024 ఏప్రిల్‌లో అక్కడ కామెర్ల కేసులు మొదలయ్యాయి. కొద్ది వారాలు తిరిగేసరికి ఆ పంచాయతీలోనూ చుట్టుపక్కలా రెండు వందలమందికి పైగా మంచం పట్టారు. ఆసుపత్రుల్లో ప్రాణాలతో పోరాడినవారున్నారు, ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. పరీక్షల్లో తేలిన జబ్బు హెపటైటిస్ ఏ. అది వచ్చిన దారి వెతుక్కుంటూ వెళ్తే, సరిగా క్లోరిన్ కలవని కుళాయి నీళ్ల దగ్గర తేలింది. అదే వేసవిలో మలప్పురం జిల్లా వళ్ళిక్కున్ను ప్రాంతంలోనూ ఈ జబ్బు పెద్ద ఎత్తున వ్యాపించింది. అక్కడి బాధితుల్లో చాలామంది ఒకే పెళ్లి విందుకు వెళ్లొచ్చినవారని వార్తలు వచ్చాయి.

కేరళ అంటే అక్షరాస్యతలోనూ ఆరోగ్యంలోనూ దేశానికి పాఠం చెప్పే రాష్ట్రం. అక్కడే ఇలా ఎందుకు జరిగింది? ఇందులో ఒక విచిత్రం ఉంది. హెపటైటిస్ ఏ వైరస్ చిన్నపిల్లలకు సోకితే చాలాసార్లు జబ్బు పైకే కనిపించదు. ఆరేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువమందికి కళ్లు పచ్చబడవు. నాలుగు రోజులు నలతగా ఉండి లేచి ఆడుకుంటారు. ఒకసారి సోకితే మళ్లీ జీవితంలో రాదు. మన తాతల కాలంలో పల్లెల్లో దాదాపు అందరికీ ఇలాగే, తెలియకుండానే చిన్నప్పుడే వచ్చిపోయేది. ఊళ్లు బాగుపడి, ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చాక పిల్లలకు ఆ వైరస్ తగలడం తగ్గింది. మంచిదే. కానీ వాళ్లు రక్షణ లేకుండానే పెద్దవాళ్లవుతున్నారు. ఎప్పుడో ఒకరోజు తాగునీటిలో మురుగు కలిసినప్పుడు, ఇరవై ఏళ్ల, నలభై ఏళ్ల శరీరాలకు మొదటిసారి సోకుతుంది. పెద్దవాళ్లలో ఇదే వైరస్ ఎక్కువమందిని పడుకోబెడుతుంది. ముందే కాలేయం దెబ్బతిన్నవారిలో, వయసు మళ్లినవారిలో ప్రాణం మీదికి తెస్తుంది. సగం బాగుపడిన ఊరికి వచ్చే కష్టం ఇది. మరుగుదొడ్డి కట్టుకున్నాం గాని, దాని పక్కనుంచి పోయే నీళ్ల పైపును చూసుకోలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఊళ్లు ఇప్పుడు ఈ దశలోనే ఉన్నాయి. 2005లో హైదరాబాద్‌లో వందలాది మందికి కామెర్లు వచ్చినప్పుడు, మురుగు కాలువలను దాటివచ్చే మంచినీటి పైపుల వైపే పరిశీలకుల వేలు చూపించింది. అది హెపటైటిస్ ఏ కాదు, ఈ. అయినా రెండూ వచ్చే బాట ఒక్కటే: రోగి మలంలోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి మరొకరి నోట్లోకి. రాయడానికి బాగోలేని మాటే గాని, ఈ ఒక్క మాట రాయకుండా ఈ జబ్బు గురించి ఎన్ని పేజీలు రాసినా ప్రయోజనం లేదు.

ఒక దినపత్రికలో విశ్వాసానికి కేటాయించిన ఈ చోటులో దీన్ని ప్రస్తావించడానికి కారణం లేకపోలేదు. ఊళ్లో కలిసి తినేవారు, కలిసి తాగేవారు, ఒకరింట్లో ఒకరు కూర్చుని చెయ్యి చెయ్యి పట్టుకుని ప్రార్థించేవారు ఎవరంటే ముందుగా మన సంఘాలే కనిపిస్తాయి. ఆదివారం ప్రేమ విందు, గృహ ప్రార్థన కూటం తర్వాత టీ బిస్కెట్లు, వేసవిలో మూడు రోజుల సువార్త సభలు, సెలవుల్లో పిల్లల వీబీఎస్, మట్టలాదివారం నుంచి ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన తర్వాత పెట్టే ఉప్మా వరకు అన్నీ సహవాసమే. ఈ సహవాసమే మన బలం. ఊళ్లో కామెర్లున్నప్పుడు వైరస్‌కు కూడా ఇదే బాట.

ఈ జబ్బు సంగతుల్లో మన సంఘాలు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది, సగటున నాలుగు వారాలు. కళ్లు పచ్చబడటానికి రెండు వారాల ముందునుంచే ఆ మనిషి మలంలో వైరస్ బయటికి వస్తుంటుంది. నిజానికి అతడు ఇతరులకు జబ్బు ఎక్కువగా అంటించేది ఆ రోజుల్లోనే. అప్పటికి అతనికి తాను రోగినని తెలియదు. ఆదివారం మందిరానికి వస్తాడు, పాట పాడతాడు, విందులో అన్నం వడ్డిస్తాడు. ఆ తర్వాతెప్పుడో జ్వరం, వాంతులు, అన్నం సహించకపోవడం మొదలై, మూత్రం ముదురు రంగుకు తిరిగి, చివరికి కళ్లు పచ్చబడతాయి. అప్పుడు మనం అతన్ని చూసి జాగ్రత్తపడటం మొదలుపెడతాం. కళ్లు పచ్చబడిన వారం రోజులకల్లా అతని ద్వారా జబ్బు అంటుకునే ప్రమాదం చాలావరకు తగ్గిపోతుంది. అంటే మన భయం మేలుకునేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి పచ్చకళ్లవారిని దూరం పెట్టడం అనే జాగ్రత్త ఈ జబ్బులో దాదాపు పనికిరానిది. ఊళ్లో కేసులున్నాయని తెలిసిన రోజునుంచి ఆరోగ్యంగా కనిపించే ప్రతి ఒక్కరూ, మన పాస్టరుగారితో సహా, తమ చేతులను అనుమానించుకోవడమే అసలు జాగ్రత్త.

చేతులంటే ఒక అభ్యంతరం వినవస్తుంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో శిష్యులు చేతులు కడుక్కోకుండా భోజనం చేశారని పరిసయ్యులు తప్పుపట్టారు, యేసు ప్రభువు శిష్యుల పక్షం వహించాడు గదా అని అంటారు. ఆ రోజు జరిగిన వాదం మురికి గురించి కాదు. పెద్దల పారంపర్యాచారాన్ని దేవుని ఆజ్ఞకంటె పైన కూర్చోబెట్టడం గురించి. మోషే ధర్మశాస్త్రమైతే ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో, యుద్ధానికి వెళ్లే సైనికుడు సైతం ఆయుధాలతోపాటు గుంట తవ్వే గసిక పట్టుకెళ్లాలని, పాళెము వెలుపల తవ్వి కప్పిపెట్టాలని నియమించింది. దేవుని సన్నిధికీ మలవిసర్జనకూ సంబంధమేమిటని ఆ గ్రంథం సిగ్గుపడలేదు. మనమే పడుతున్నాం. గోడలకు టైల్స్ వేయించి, వేదిక మీద కొత్త సౌండ్ సిస్టమ్ పెట్టించి, వెనకవైపు కుళాయి ఉన్న ఒక్క మరుగుదొడ్డి లేని మందిరాలు ఎన్ని లేవు! సభలకు వచ్చిన అక్కలు, అమ్మలు చీకటిపడేదాకా ఆగుతారు, పిల్లలు గోడవారకు వెళ్తారు. సౌండ్ బాక్సులకు ఒక్క ఆదివారంలో చందా పోగవుతుంది. మరుగుదొడ్డి పక్కన సబ్బుపెట్టె, నీళ్లు వచ్చే కుళాయి అనేసరికి కమిటీ వచ్చే ఏడాది చూద్దామంటుంది. ఇది మాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు.

ఇక వంటశాల. మన విందుల్లో అన్నం, కూర పొయ్యిమీద ఉడుకుతాయి, వాటితో ఇబ్బంది తక్కువ. బాగా మరిగితే ఈ వైరస్ చస్తుంది. ప్రమాదమంతా ఉడకని వాటితో, ఉడికాక తగిలే చేతులతో. బిర్యానీ పక్కన పెట్టే పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కీర, పెరుగు పచ్చడిలో కలిపే కొత్తిమీర, చల్లటి మజ్జిగ, బజారు ఐసు వేసిన రస్నా, ఇవే దానికి వాహనాలు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక రెస్టారెంట్‌లో భోంచేసిన దాదాపు 600 మందికి హెపటైటిస్ ఏ వచ్చింది, ముగ్గురు చనిపోయారు. కారణం పొయ్యి ఎక్కని ఉల్లికాడలు. అంత శుభ్రంగా మెరిసే వంటగదిలో జరిగింది మన షామియానా కింద జరగదని ధీమా ఏముంది? ఊళ్లో కేసులున్నన్నాళ్లు విందు మానేయడమే మేలని మా అభిప్రాయం. రెండు నెలలు ప్రేమ విందు లేకపోతే ప్రేమ తగ్గదు. మానలేని సందర్భం, ఉదాహరణకు ఒక పెళ్లి వస్తే, వేడివేడిగా వండినవి మాత్రమే పెట్టి, పచ్చివి, ఐసువి మానుకోవాలి. వడ్డించే యవ్వనస్థులు గరిటెతోనే వడ్డించాలి. గత కొన్ని వారాల్లో తనకు గాని, తన ఇంట్లో గాని కామెర్లు వచ్చిన వంటమనిషి ఆ పూటకు సెలవు తీసుకోవాలి. అతనికి ఆ రోజు కూలి మాత్రం ఇవ్వాలి. కూలి పోతుందన్న భయమున్నచోట ఎవడూ నిజం చెప్పడు.

నీళ్ల డ్రమ్ము సంగతి వేరే చెప్పుకోవాలి. మందిరం వరండాలో నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, దానిమీద గొలుసుతో కట్టిన ఒక స్టీలు గ్లాసు. వచ్చినవారల్లా గ్లాసును వేళ్లదాకా ముంచి తాగుతారు. వందమంది విశ్వాసుల చేతులు కడిగిన నీళ్లను వందమంది విశ్వాసులు తాగినట్టే గదా! కుళాయి ఉన్న డ్రమ్ము ఖరీదు ఏమంత ఎక్కువ కాదు. నీళ్లు బుడగలు పొర్లేలా కనీసం ఒక నిమిషం మరగాలి, ఆ తర్వాత అదే గిన్నెలో మూతపెట్టి చల్లారాలి. కాచిన నీళ్లు త్వరగా చల్లబడాలని అందులో కుళాయి నీళ్లు కలిపేవాళ్లున్నారు. వేడినీళ్లు అడిగితే హోటళ్లలోనూ అలాగే ఇస్తుంటారు. ఆ ఒక్క చెంబు పచ్చినీళ్లతో కాచిన శ్రమంతా వృథా. కేరళలో ఆరోగ్య శాఖ ఈ విషయాన్ని ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆర్‌ఓ నీళ్ల టిన్ను తెప్పిస్తున్నాం గదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఆ టిన్నును ఏ నీళ్లతో కడిగారో, మూత తీశాక ఎవరి చెయ్యి తగిలిందో మనకు తెలియదు. మందిరానికి సొంత బావో, ట్యాంకో ఉంటే పంచాయతీవారిని గాని, ఆరోగ్య కార్యకర్తను గాని పిలిచి క్లోరినేషన్ చేయించాలి. మామూలు లెక్క వెయ్యి లీటర్ల నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, కలిపాక గంటసేపు ఆగాలి. జబ్బు వ్యాపించిన రోజుల్లో మోతాదు పెంచాలా వద్దా అన్నది వాళ్లే చెబుతారు. సంచి విప్పి ఎండలో పెట్టిన పాత పౌడరు ఎంత పోసినా ప్రయోజనం లేదు, దానిలోని క్లోరిన్ అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది.

2020లో కోవిడ్ మనకు శానిటైజరు అలవాటు చేసింది. ఇప్పటికీ చాలా మందిరాల గుమ్మం దగ్గర ఆ సీసా ఉంది. హెపటైటిస్ ఏ విషయంలో దానిమీద ఆధారపడకూడదు. కరోనా వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాలు తగిలితే అది కరిగిపోతుంది. రోగి మలంలో వచ్చే ఈ వైరస్‌కు ఆ పొర లేదు, శానిటైజరుకు సులభంగా లొంగదు. సబ్బుతో కనీసం ఇరవై సెకన్లు రుద్ది, ధారగా పడే నీటికింద కడగడమే దీనికి మందు. ఒకే బేసినులో అందరూ ముంచి కడిగితే లాభం లేదు. దొడ్డికి వెళ్లొచ్చాక, పసిబిడ్డకు కడిగాక, వంటకు ముందు, తినేముందు, ఈ నాలుగు వేళలు తప్పకూడదు. పసిపిల్లల లంగోటాలు మార్చే తల్లులకు, అమ్మమ్మలకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే ఇంట్లో ఎవరికీ జబ్బు లేనట్టు కనిపించినా బిడ్డ కడుపులో అది ఉండవచ్చు.

ప్రభువు బల్ల దగ్గర ఏం చేయాలన్నది సున్నితమైన ప్రశ్న. ఒకే గిన్నెలోంచి అందరూ తాగే ఆచారానికి బదులు చిన్న చిన్న గ్లాసులు ప్రొటెస్టంట్ సంఘాల్లోకి వచ్చిందే రోగభయంతో. 1890ల్లో అమెరికాలో అవి మొదలయ్యాయి. అది భక్తికి లోపమని అప్పట్లో గట్టి వాదోపవాదాలు జరిగాయి. ఇవాళ మనలో చాలామందికి చిన్న గ్లాసులే తరతరాల ఆచారంలా అనిపిస్తాయి. అయితే గ్లాసులు వేరైనంత మాత్రాన పని అయిపోలేదు. ఆరాధన అయ్యాక వాటిని ఒకే తొట్టిలో జాడించి బోర్లిస్తే పేరుకే వేరు. సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో ముంచి తీయాలి. గ్లాసుకంటె ముందు చూసుకోవాల్సింది రొట్టె విరిచే చేతులను. చాలాచోట్ల కానుకల సంచి తిప్పి, నోట్లు లెక్కపెట్టిన చేతులతోనే పెద్దలు రొట్టె పళ్లెం అందుకుంటారు. ఆ రెండింటి మధ్య వేదిక పక్కనే ఒక జగ్గు నీళ్లు, సబ్బు, శుభ్రమైన తువ్వాలు పెట్టి, పాస్టరుగారు అందరూ చూస్తుండగా చేతులు కడుక్కుంటే మర్యాదకు ఏ భంగమూ లేదు. సంఘం పది ప్రసంగాల్లో నేర్చుకోనిది అప్పుడు నేర్చుకుంటుంది. పళ్లెంలో అందరూ వేళ్లుపెట్టి ముక్క ఏరుకోవడం మాని, ఒకరే పట్టకారుతోనో శుభ్రమైన చేత్తోనో అందరికీ ఇవ్వవచ్చు.

సంఘకాపరి పని ఇంతటితో ఆగదు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వచ్చి, కొద్ది వారాల్లోనే ఆరు వందలమందికి పైగా చనిపోయారు. బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు నీళ్లే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు వాదించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించాడు. ఇది చాలామందికి తెలిసిన కథ. తక్కువమందికి తెలిసింది హెన్రీ వైట్‌హెడ్ గురించి. ఆయన అక్కడి సెయింట్ లూక్స్ చర్చిలో యువ పాదిరి. స్నో మాట ఆయన మొదట నమ్మలేదు, అది తప్పని రుజువు చేయాలనే ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఇళ్లవారందరూ ఆయనకు తెలిసినవారే. ఎవరు ఎప్పుడు పడుకున్నారు, ఏ నీళ్లు తాగారు అని ఓపికగా అడిగేకొద్దీ స్నో చెప్పిందే నిజమని ఆయనకే తేలింది. చివరికి, అందరికంటె ముందు జబ్బుపడి చనిపోయిన ఒక పసిబిడ్డ సంగతి ఆయనే బయటికి తీశాడు. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన గుంటకూ ఆ పంపు బావికీ మధ్య దూరం మూడడుగులే, గుంట ఇటుకలు చివికిపోయి ఉన్నాయి. వైద్యుడికి తెలియనిది పాదిరికి తెలిసింది. ఎందుకంటే ఆ తల్లి ఇంటికి ఆయన వెళ్లగలడు.

కలరా వేరు, కామెర్లు వేరు. కాని మన ఊళ్లోనూ ఆ స్థానంలో ఉన్నది సంఘకాపరే. రెండు ఆదివారాలుగా ఎవరు రావడం లేదో పీహెచ్‌సీ డాక్టరుకు తెలియదు, పాస్టరుగారికి, అమ్మగారికి తెలుసు. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి కామెర్లని ప్రార్థన మనవులలో వినబడితే, ప్రార్థించిన తర్వాత అదే సాయంత్రం ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో ఫోను చేయాలి. అడిగేటప్పుడు నిన్న ఏం తిన్నారని అడిగి లాభం లేదు. ఈ జబ్బు నెల వెనకటిది. నెలక్రితం ఏ విందుకు వెళ్లారు, ఏ బోరు నీళ్లు తాగారు, ఏ ఊరెళ్లొచ్చారు అని అడగాలి. ఆ విందు మన సంఘం పెట్టిందే అయితే ఆ మాటా దాచకూడదు. సంఘానికి చెడ్డపేరు వస్తుందని వారం రోజులు దాస్తే, ఆ వారంలో ఎంతమంది ఆ నీళ్లు తాగుతారో లెక్క ఉండదు.

కామెర్లనగానే మన దగ్గర ఆసుపత్రికంటె ముందు గుర్తొచ్చేది పసరు మందు. కొన్నిచోట్ల కంట్లో పసరు పోస్తారు, చేతిమీద వాత పెడతారు. పసుపు తింటే ఒళ్లు మరింత పచ్చబడుతుందని కూరలో పసుపు మాన్పించి, నూనె, పప్పు మాన్పించి మనిషిని ఎండగడతారు. హెపటైటిస్ ఏకి ప్రత్యేకమైన మందు ఏదీ లేదు. విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, ఒంటికి పట్టే తిండి, వీటితోనే ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. అందుకే ప్రతి పసరుకూ గొప్ప పేరొచ్చింది. ఎలాగూ తగ్గేవారిని తగ్గించిన ఘనత దానికి దక్కుతోంది. కొన్ని పసర్లు దెబ్బతిన్న కాలేయాన్నే ఇంకా దెబ్బతీస్తాయి. జ్వరానికి మనకు మనమే మింగే పారాసిటమాల్ కూడా ఈ దశలో డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. సారా, బ్రాందీ జోలికి అసలు పోకూడదు. మాట తడబడటం, పగలంతా మత్తుగా పడుకోవడం, రక్తం కారడం, ఆగని వాంతులు కనిపిస్తే అది పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిన వేళ. గర్భవతికి కామెర్లు వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. అది హెపటైటిస్ ఈ అయితే నెలలు నిండినవారికి ప్రాణాంతకం కావచ్చు, పైకి చూసి ఏదో చెప్పలేం, రక్తపరీక్షే చెప్పాలి. రోగి తలమీద చేతులుంచి ప్రార్థించే పెద్దలు, ఆ ప్రార్థన ముగించి ఆటో పిలవడం కూడా తమ పరిచర్యలో భాగమని తలచాలి. పౌలు సహచరుల్లో వైద్యుడైన లూకా ఉన్నాడు గదా.

రోగిని చూసే తీరు గురించి ఒక మాట. 2017లో అమెరికాలోని శాన్ డియేగో నగరంలో హెపటైటిస్ ఏ వ్యాపించి 592 మందికి సోకింది, 20 మంది చనిపోయారు. బాధితుల్లో చాలామంది ఇల్లు లేక వీధుల్లో బతికేవారు. అంత సంపన్న నగరంలో వాళ్లకు రాత్రిపూట వెళ్లడానికి మరుగుదొడ్డి లేదు, చేతులు కడగడానికి కుళాయి లేదు. చివరికి జబ్బు తగ్గుముఖం పట్టింది వాళ్లను తరిమేసినందువల్ల కాదు. వీధుల్లో చేతులు కడుక్కునే చోట్లు పెట్టారు, రోడ్లను బ్లీచింగ్ నీళ్లతో కడిగారు, మరుగుదొడ్లు తెరిచి ఉంచారు, వెతికి వెతికి లక్షకు పైగా టీకాలు వేశారు. మన ఊళ్లోనూ జబ్బు ముందు వచ్చేది కాలువ పక్కనుండే గుడిసెలకే. ఆ గుడిసెల్లో మన విశ్వాసులూ ఉన్నారు. వాళ్ల నీళ్లు బాగుచేయకుండా వాళ్లతో కూర్చోవడం మానేస్తే అది జాగ్రత్త అనిపించుకోదు. కోలుకుని మందిరానికి తిరిగివచ్చిన సోదరుడి పక్కన బెంచీ ఖాళీ చేయడం మరీ అన్యాయం. కళ్లు పచ్చబడి వారం గడిచి, డాక్టరు సరేనన్నాక అతనివల్ల మనకు భయం లేదు. మళ్లీ వంటపనికో వడ్డనకో వచ్చేముందు మాత్రం డాక్టరును అడిగితే మంచిది.

టీకా విషయంలో మనవారికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. మా పిల్లలకు హెపటైటిస్ టీకా వేయించాం అంటారు. ప్రభుత్వం ఉచితంగా వేసేది హెపటైటిస్ బీకి, అది రక్తం ద్వారా వచ్చే వేరే జబ్బు. ఏ రకం టీకా దేశమంతటి సార్వత్రిక టీకాల జాబితాలో లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఏడాది నిండిన పిల్లలనుంచి వేయవచ్చు. 2024 మార్చిలో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హావీష్యూర్ అనే పేరుతో దేశీయంగా తయారుచేసిన టీకాను విడుదల చేసింది. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారు, అతని చేతి వంట తిన్నవారు రెండు వారాలలోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. అందుకే కేసు తెలిసిన రోజే డాక్టరును అడగాలి. అందరికీ కొనలేని సంఘం ముందుగా ఎవరికి వేయించాలంటే కాలేయ జబ్బున్నవారికి, మందిరంలో వంటచేసేవారికి, రోగుల ఇంటివారికి. స్త్రీల సమాజంవారు పొదుపుచేసిన డబ్బు, ఈ ఏడాది మానుకున్న విందుల డబ్బు ఇందుకు పనికొస్తాయి. హావీష్యూర్‌లాంటి టీకా ఒక్క డోసుతో అయిపోదు, కనీసం ఆరు నెలలు గడిచాక రెండోది వేయించుకోవాలి. అప్పటికి ఊళ్లో జబ్బు సద్దుమణిగి, భయం పోయి, అందరూ మరచిపోయి ఉంటారు. ఏప్రిల్‌లో మొదటిది వేయించుకున్నవారికి రెండోది అక్టోబరులో పడుతుంది. సంఘ కార్యదర్శి ఆ తేదీని, ఆ పేర్లను ఇప్పుడే నోటీసు బోర్డు మీద రాసిపెట్టి ఉంచాలి.